వైస్ చాన్సలర్ తీయని ఎనభై ఐదు తెరలు

నమోదు 1,031. ఏప్రిల్ 6, సోమవారం.

తెల్లవారుజామున నాలుగున్నరకే హాలు తెరిచాను. తొంభై ఆరు వెదురు చట్రాలు, వాటికి తొంభై ఆరు తెరలు. అన్నీ దులపాలి. ఏడో వరుసకు వచ్చేసరికి నడుము నాది కాదేమో అనిపించింది. యాభై రెండేళ్ళ నడుము, అందులో ముప్పై ఏళ్ళు టెంట్ హౌస్ బరువులు మోసినది.

ఈ పుస్తకం చేత్తోనే రాయాలని చట్టం. యంత్రం మీద కన్నేసి ఉంచాల్సినవాడు తన రాతను యంత్రం చేత రాయించకూడదట. బాగానే ఉంది. కానీ మూడేళ్ళలో దీన్ని ఒక్కరూ తెరిచి చూడలేదు. రిజిస్ట్రార్ మేడం కళ్ళజోడు మీద నేను కట్టిన పాట అరవయ్యో పుటలో ఇప్పటికీ క్షేమంగా ఉంది.

ఈ రోజు నెల మొదటి సోమవారం, అంటే నడక రోజు. ఏడింటికి ఐదుగురు పెద్దలూ వచ్చారు. గుమ్మం దగ్గర బూట్లు విడిచి, ఎవరి పేరున్న గుడ్డచెప్పులు వాళ్ళు తొడుక్కున్నారు. వైస్ చాన్సలర్ వజ్రవేలు గారు ముందు. ఆయన వెనక రిజిస్ట్రార్ మెహరున్నీసా మేడం. ఆమె వెనక సైన్సు డీన్, ఆ వెనక ఆర్ట్స్ డీన్. అందరి వెనకా, తలుపు మూసే బాధ్యతతో, దూరవిద్య సంచాలకుడు తిప్పేస్వామి గారు.

ఒకటో తెర వైస్ చాన్సలర్ సందేశం. మా వెబ్‌లో ఆ పేజీలో ఏముందో పెద్ద అక్షరాలతో గుడ్డ మీద రాసి తెర వెనక వేలాడదీస్తాను. సారు తన సందేశాన్ని తనే మొదటిసారి చదువుతున్నట్టు చదివి, ముచ్చటపడి, "ఉంచు" అన్నారు.

"ఉంచాను, ధన్యవాదాలు" అంది కరణం పైనున్న గొట్టంలోంచి.

కరణం మనిషి కాదు. మా విశ్వవిద్యాలయం వెబ్ మొత్తాన్ని రాసేదీ, నడిపేదీ, విద్యార్థులు చెవిలో పెట్టుకునే మాట్లాడే చెవిపూసల్లో అడిగినవాటికి జవాబులిచ్చేదీ ఆ యంత్రమే. ఎండలు ముదిరాక విద్యార్థులు ఇక్కడికి రావడం మానేసి పదిహేడేళ్ళయింది. ఇప్పుడు విశ్వవిద్యాలయమంటే వెబ్బే. అందులో పేజీ ఉన్న పని ఉన్నట్టు, పేజీ లేని పని లేనట్టు.

రెండో తెర స్నాతకోత్సవం ఫోటోలు. మూడోది పాత వైస్ చాన్సలర్ల చిత్రాలు. నాలుగో తెర దగ్గర నేను పెట్టిన మజ్జిగ. అలా పదకొండు తెరలు, ఇరవై ఐదు నిమిషాలు. సారు ఆగితే అందరూ ఆగారు, తలాడిస్తే అందరూ తలాడించారు. చివర్లో ఎప్పటిలాగే "వెబ్ మన చేతిలో ఉంది" అన్నారు. చప్పట్లు.

ఎనిమిదింటికల్లా ఇల్లు చేరి జొన్నరొట్టె తిని పడుకున్నాను. ఉద్యోగమంటే ఇలా ఉండాలి.

నమోదు 1,034. ఏప్రిల్ 9, గురువారం.

ఈ రోజు ఒక వెధవ పని చేశాను. అది రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు.

ఉదయం ఆరింటికి తెల్లారుబస్సు దిగి ఒక మనిషి వచ్చింది. విద్యార్థి! కాళ్ళతో నడిచి వచ్చిన విద్యార్థిని చూసి ఎన్నేళ్ళయిందో. నలభై ఏడేళ్ళు ఉంటాయి. ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంది. పేరు మారెక్క. నల్లకొండ గాలిమరల దగ్గర తాడు కట్టుకుని పైకెక్కి రెక్కలు కడిగే పని.

"అన్నా, ఈడ ఆఫీసు యాడుంది? మనిషితో మాట్లాడల్ల నేను. చెవిపూసని పదిసార్లు అడిగినా, ఉలుకూ పలుకూ ల్యా."

నాకు నోరు ఊరుకోదు కదా. "లోపల మూడో గదమ్మా. కరణం గారుంటారు. పెద్దాయన, శానా మంచోడు, కొంచెం చెవుడు. గట్టిగా అరిచి చెప్పల్ల" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళి, ఖాళీ కుర్చీ ముందు నిలబడి, గోడకున్న గొట్టం వైపు తిరిగి, "అయ్యా! కరణం గారూ! నేను మారెక్కనయ్యా!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది.

"నాకు చక్కగా వినబడుతోందమ్మా. నెమ్మదిగా చెప్పండి" అంది కరణం.

"గట్టిగా చెప్పమన్న్యారయ్యా!"

నేను స్తంభం చాటున కడుపు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు సగంలోనే ఆగింది.

మూడేళ్ళు చదివింది మారెక్క. గాలిమరల నిర్వహణ పట్టాకి ఇంకా ఒక్క పేపరు మిగిలి ఉండగా తాడు జారి భుజం విరిగింది. అప్పుడు విరామం తీసుకుంది. మధ్యలో ఆగినవాళ్ళు చదివినంత చదువు పోగొట్టుకోకుండా తిరిగి వచ్చి చేరడానికి ఉన్న పేజీ పేరే విరామం. ఇప్పుడు మళ్ళీ చేరి, ఆ ఒక్క పేపరూ రాసి, పట్టా తీసుకుంటే కింద కంట్రోలు గదిలో కూర్చునే పని ఇస్తారు. లేకపోతే మళ్ళీ తాడే.

"ఈ ఏడు గూడా నేను తాడెక్కితే, దిగేది నేను గాదయ్యా. నా పీనుగ" అంది గోడతో.

కరణం జవాబు చెప్పింది. దానికి జాలీ లేదు, కోపమూ లేదు. "విరామం పేజీ తొలగింపు జాబితాలో ఉందమ్మా. ఆ జాబితాలో ఉన్నవాటి గురించి చెవిపూసలు మాట్లాడవు. మూడేళ్ళుగా పెద్దలెవరూ ఆ పేజీని చూసి ఉంచమనలేదు. ఏప్రిల్ ముప్పైతో గడువు తీరుతుంది. తర్వాత విరామంలో ఉన్న 1,140 మంది చదువూ రద్దవుతుంది. మీరు మొదటి సంవత్సరంలో కొత్తగా చేరవచ్చు."

మారెక్క ఖాళీ కుర్చీ వెనక్కి వంగి చూసింది. బయటికి వచ్చి నన్ను చూసి, "ఆయప్ప మనిషి గాదు గదన్నా" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

నమోదు 1,035. ఏప్రిల్ 10, శుక్రవారం.

జాబితా అడిగి తెప్పించుకున్నాను. తొంభై ఆరింటిలో ఎనభై ఐదు.

డిపార్టుమెంట్ల పేజీలను డిపార్టుమెంట్లవాళ్ళే చూసుకుంటారు. ఏ డిపార్టుమెంటుకూ చెందనివి, అంటే అందరివీ అయినవి, ఈ తొంభై ఆరు. చూపులేనివాళ్ళకు రాసిపెట్టే మనిషిని ఇచ్చేది, తప్పు పడ్డ మార్కులు దిద్దేది, పురిటికి పరీక్ష వాయిదా వేసేది, చనిపోయిన విద్యార్థి పట్టాను ఇంటికి పంపేది, విరామం. ఇవి పెద్దల వంతు. ఐదుగురిలో ఒకరైనా తెర తీసి, చదివి, ఉంచు అనో తియ్యి అనో నోటితో అనాలి. అనకపోతే మూడేళ్ళకు పోతుంది. అలా ఎందుకంటే, పూర్వం పెద్దలు యంత్రం తెర మీద పేజీని చూడకుండానే వేలిముద్రలు కొట్టేవారు. ఎక్కడో ఒక విశ్వవిద్యాలయంలో ఒక పేజీ ఆరేళ్ళపాటు చనిపోయినవాళ్ళకి హాల్‌టికెట్లు పంపిందట. దాంతో ఈ చట్టం వచ్చింది.

చట్టం వచ్చిన కొత్తలో మా పెద్దలకు వెబ్ ఎలా చూపించాలో ఎవరికీ తోచలేదు. రిజిస్ట్రార్ మేడమే నన్ను పిలిపించారు. "ఓబులేసూ, వాళ్ళకి వెబ్ అంటే అర్థం కావడంల్యా. ఇల్లు చూపించినట్టు చూపించల్ల. నువ్వు పెండ్లిండ్లకి పందిళ్ళు వేసినోడివి గదా, దీనికీ ఒకటి వెయ్" అన్నారు. ఇంటర్ ఫెయిలైనవాణ్ణి, ఉద్యోగం పేరు చూస్తే వెబ్ పర్యవేక్షణ సహాయకుడు. ఎగిరి గంతేశాను.

వేశాను. బ్రహ్మాండంగా వేశాను. సారుకి మోకాళ్ళు నొప్పి. ఆయన ముందు నడవాలి, ఆయన తీయని తెరను ఇంకొకరు తీయడం మర్యాద కాదు. కాబట్టి ఆయన ఎక్కడికి వెళ్తే నలుగురూ అక్కడికే. అది కనిపెట్టి, ఆయనకు నచ్చే పదకొండు తెరలను గుమ్మం దగ్గరగా పెట్టి మజ్జిగతో దారి వేసింది నేనే. తొందరగా ఇంటికి పోవచ్చని. మూడేళ్ళు ఐదుగురు మనుషులు పది కళ్ళతో అవే పదకొండు పేజీలు చూశారు.

ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి? ఈ పుస్తకంతో చెప్పుకుంటున్నాను.

నమోదు 1,038. ఏప్రిల్ 13, సోమవారం.

రిజిస్ట్రార్ మేడం గదికి వెళ్ళి జాబితా చూపించాను. ఆమె తెలివైన మనిషి. చూడగానే ముఖం పాలిపోయింది.

"అయ్యో, ఎనభై ఐదా? ముందే చెప్పుండాల్సింది గదప్పా."

"ఇప్పుడు చెప్తాండాను గదా మేడం. మీరొచ్చి విరామం తెర తియ్యండి. ఐదు నిమిషాల పని."

"నేనా? సార్ చూడకముందా?"

"సార్ వెనకాల చూడండి."

"వెనకాల చూసినా ముందు చూసినట్టేనప్పా. రేపు సార్, 'మెహరున్నీసా, నీకంత తొందరేంది' అంటే నేనేం చెప్పల్ల? ఫైలు పెడతాను. సార్ మోకాళ్ళకి వైద్యం జరుగుతాంది. మే నడకలో చూపిద్దాం."

"మేలో చూడ్డానికేముంటాది మేడం? ఉత్త వెదుర్లు."

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆమె చెడ్డమనిషి కాదు. అదే నాకు విసుగు. చెడ్డవాళ్ళయితే తిట్టుకుని పడుకోవచ్చు.

మారెక్క వసారాలో కూర్చునుంది. నల్లకొండకు వెళ్ళి సెలవు చెప్పి మళ్ళీ వచ్చిందట. నీళ్ళ కుండ పక్కన చాప వేసుకుని విద్యుత్ భద్రత పాఠం చదువుకుంటోంది. పేజీ పోతుందని తెలిసీ పరీక్షకు చదువుతోంది. నేను పక్కన నిలబడి, "మజ్జిగ తాగుతావా?" అన్నాను.

"చెవుడుండే పెద్దాయనకి పొయ్యప్పా ముందు" అంది తల ఎత్తకుండా.

నమోదు 1,042. ఏప్రిల్ 17, శుక్రవారం.

పట్టపగలే చేశాను. పదింటికి పెద్దలంతా చల్లగదుల్లోకి వెళ్ళిపోయాక సారు గుడ్డచెప్పులు తొడుక్కున్నాను. తెర ముందు పరిచిన చాప ఆ చెప్పుల్ని బట్టే వచ్చింది ఎవరో కరణానికి చెబుతుంది. గొంతు సంగతంటారా, చిన్నప్పటినుంచీ నాకు అదొక్కటే చదువు. పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకు మేనమామ గొంతుతో వంటవాళ్ళ మీద కేకలేసి తన్నులు తిన్నవాణ్ణి. వజ్రవేలు సారు గొంతు ఎంత? ముందు కాస్త దగ్గి, ముక్కుతో మొదలుపెట్టి, చివర కొంచెం లాగాలి.

"ఊఁ... ఉంచూ."

"ఉంచాను, ధన్యవాదాలు."

ఎనభై ఐదు తెరలు. విరామం తెర ముందు మాత్రం రెండుసార్లు అన్నాను. కాళ్ళు పీకుతున్నా చాలాకాలం తర్వాత పాలన్నీ తాగేసిన పిల్లిలా నడిచి ఇంటికి వచ్చాను.

నమోదు 1,045. ఏప్రిల్ 20, సోమవారం.

కరణం గొంతును నమ్మింది. చెప్పులను నమ్మింది. చాప బరువు కూడా చూస్తుందని ఏ పనికిమాలినవాడికి తెలుసు? ఉదయం ఆరోగ్య విభాగం నుంచి డాక్టరు పరుగెత్తుకుంటూ సారు దగ్గరికి వచ్చాడట. "గౌరవ వైస్ చాన్సలర్ గారు పదకొండు రోజుల్లో పంతొమ్మిది కిలోలు పెరిగారు. అత్యవసరంగా చూడండి" అని కరణం కబురు పంపింది. సారుని త్రాసు ఎక్కించారు. ఎప్పటి బరువే. అప్పుడందరూ నా పొట్ట వైపు చూశారు.

శుక్రవారం నడక మొత్తం రద్దు. ఎనభై ఐదూ మళ్ళీ జాబితాలోకి ఎక్కాయి. నన్ను సారు గదిలోకి పిలిచారు. ఒక్కరే ఉన్నారు. మోకాళ్ళకు పట్టీలు, కాళ్ళు బల్ల మీద.

"నా గొంతు ఎట్ల చేసినావో ఒకసారి చెయ్యి."

చేశాను. ఆయన నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత ఆ నవ్వు ఆయనకే నచ్చలేదు.

"ఎందుకు చేసినావు?"

చెప్పాను. జాబితా, మారెక్క, తాడు, భుజం, 1,140 మంది. మజ్జిగ కూడా. నా దారి వల్లే మీరు పదకొండే చూశారని కూడా.

"నీ సంగతి మే ఒకటిన చూస్తా" అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "ఓబులేసూ. మూడేండ్లుగా 'వెబ్ మన చేతిలో ఉంది' అంటి. చేతిలో ఏముందో నాకు తెలీదప్పా. ఎవురినన్నా అడుగుదామంటే, వైస్ చాన్సలర్ అడిగేదేమి? వెబ్ అంటే ఏంది, నిజంగా?"

తోచింది చెప్పాను. "మనిషి లేని కౌంటరు సార్. మనం పోయి నిలబడకపోయినా అది మన పేరుతో మాట్లాడతా ఉంటాది. మనం చెప్పింది చెప్తాది. మనం ఏమీ చెప్పకపోతే, వీళ్ళు ఏమీ చెప్పలేదు పో, అని మన పేరుతోనే చెప్తాది."

ఆయన కాళ్ళు కిందికి దించారు. "ఇరవై ఎనిమిదిన నడక పెట్టు. ఎవురి తెరలు వాళ్ళు తియ్యల్ల. నా వెనకాల కాదు. నేనే చెప్తా."

నమోదు 1,048. ఏప్రిల్ 23, గురువారం.

చట్రాలన్నీ పీకి మళ్ళీ పాతాను. విరామం గుమ్మానికి ఎదురుగా, మొదటి వరుసలో. చేతులు బొబ్బలెక్కాయి. మారెక్క తాళ్ళు కట్టి ఇచ్చింది. ఆమె కట్టిన ముడి నేను విప్పలేకపోయాను.

"అన్నా, నేను తెర వెనకాల కూచోనా? గుడ్డ మీద రాస్తే చదువుతారు. మనిషి ఉంటే వినల్ల గదా."

మూడేళ్ళలో ఈ ఆలోచన నాకు రాలేదు. గుడ్డ తీసేసి స్టూలు వేశాను.

నమోదు 1,053. ఏప్రిల్ 28, మంగళవారం.

రేపు నాకు ఈ పుస్తకం ఇస్తారో ఇవ్వరో తెలీదు కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. ఫలితం ముందే చెప్పేస్తాను: మధ్యాహ్నం పన్నెండింటికి హాల్లో చల్లగాలి ఆగిపోయేసరికి ముప్పై ఏడు తెరలయ్యాయి. మిగతావాటికి రేపూ ఎల్లుండీ ఉన్నాయి.

ఏడింటికి ఐదుగురూ చెప్పులు తొడుక్కున్నారు. సారు గంభీరంగా, "ఈ రోజు ఎవురికి వాళ్ళే. తలా ఒక వరుస తీసుకోండి" అన్నారు.

ఎవరూ కదల్లేదు.

"పదండి" అన్నారు సారు.

"మీరు పదండి సార్" అన్నారు మేడం.

"నేను చెప్తాండా గదా, పదండి."

"అదే సార్, మీ వెనకాలే" అన్నాడు సైన్సు డీన్.

ఐదు నిమిషాలు ఇలా గడిచాక సారు నిట్టూర్చి ఎదురుగా ఉన్న తెర తీశారు. మారెక్క లేచి నిలబడింది. అంతా చెప్పింది, నింపాదిగా, ఏమీ వదలకుండా. సారు విన్నారు. కళ్ళు చెమర్చాయి కూడా, నేను చూశాను.

అప్పుడు కరణం నోరు తెరిచింది. "ఉంచితే మీ పేరు ఈ పేజీ కింద ఉంటుంది. ఈ 1,140 మందిలో ఎవరు ఎప్పుడు అడిగినా మీ చెవిపూస మోగుతుంది. ఉంచమంటారా, తీయమంటారా?"

ఫోటోల పేజీ కింద పేరుంటే ఎవరూ మోగించరు. అందుకే మూడేళ్ళుగా ఆ నిబంధన ఆయనకు తగల్లేదు. సారు చెయ్యి చెవి దగ్గరికి వెళ్ళింది. "ఇది విధానపరమైన విషయం. రాజధానితో ఒక మాట అనుకుని వస్తా" అని వసారాలోకి వెళ్ళారు.

నాకు కోపం రాలేదు. ఎండలో నిలబడ్డ మనిషికి ఇంకొంచెం ఎండ తగిలినట్టు, అంతే.

తర్వాత మేడం. మారెక్క మళ్ళీ చెప్పింది, ఈసారి సగం. కరణం మళ్ళీ అడిగింది. "న్యాయమైన కోరికేనమ్మా, కాదనను" అన్నారు మేడం. "సార్‌ని ఒక్కమాట అడిగి వస్తా" అని వసారాలోకి వెళ్ళారు.

సైన్సు డీన్‌కి మారెక్క నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆయన మేడంని అడిగొస్తానని వెళ్ళాడు.

ఆర్ట్స్ డీన్ రాగానే మారెక్క, "ముందు పోయినాయన్ని అడుగు సార్, ఆయప్పకి చెప్పినా" అంది. ఆయన అదే మంచిదని సైన్సు డీన్‌ని అడగడానికి వెళ్ళాడు.

వసారాలో నీడ ఉంది, నీళ్ళ కుండ ఉంది. ఎవరికీ ప్రమాదం లేదు. నలుగురూ వరుసగా నిలబడ్డారు, అక్కడ కూడా హోదా ప్రకారమే. ఒక్కరూ తిరిగి రాలేదు.

మిగిలింది తిప్పేస్వామి గారు. మనిషి సన్నం, గొంతు ఇంకా సన్నం. మారెక్క ఈసారి ఏమీ చెప్పలేదు. స్టూలు మీద కూర్చునే అడిగింది. "నీవూ బయటికి పోతావా సామీ?"

"లేదమ్మా... ఒక్కసారి డీన్ గారిని..." అంటూ ఆయన గుమ్మం వైపు తిరిగాడు.

నేను వెళ్ళి తలుపుకి లోపల గడియ పెట్టాను.

"తియ్యప్పా."

"రావడంల్యా సార్. తుప్పు పట్టింది."

"ఇప్పుడే గదా నువ్వు పెట్టినావు!"

"పెట్టేటప్పుడు బాగానే పడింది సార్. తీసేటప్పుడే మొరాయిస్తాంది."

ఆయన నా వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు, ఖాళీ హాలు వైపు చూశాడు. ఆ మనిషి ముందు ఎవరూ లేకుండా నిలబడటం ఇదే మొదటిసారేమో. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను చిన్నోణ్ణి అప్పా. నా మాట చెల్లదు."

"చట్టం ప్రకారం ఐదుగురిలో ఎవరి మాటైనా చెల్లుతుంది" అంది కరణం.

బయట ఎవరో తలుపు మెల్లగా తట్టారు. తిప్పేస్వామి గారు గొంతు సవరించుకుని మారెక్క వైపు తిరిగాడు. ఆ రోజు ఆమెను అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"ఎన్ని పేపర్లు మిగిలినాయమ్మా?"

"ఒకటే సామీ. విద్యుత్ భద్రత."

"అది నేనే తయారుచేస్తా. శానా కష్టం. సగానికి సగం ఫెయిలవుతారు."

"తాడు కంటే కష్టమా?"

ఆయన ఆమె భుజం వైపు చూశాడు. చూసి అటూ ఇటూ తిరగలేదు, అక్కడే చూశాడు. తలుపు మళ్ళీ తట్టారు, ఈసారి గట్టిగా.

"ఉంచు" అన్నాడు.

"స్పష్టంగా వినబడలేదు" అంది కరణం.

"ఉంచు!"

"ఉంచాను. పేరు?"

"తిప్పేస్వామి. మల్లప్ప కొడుకు తిప్పేస్వామి, దూరవిద్య సంచాలకుడు."

పేజీకి ప్రాణం వచ్చింది. ఎక్కడెక్కడో ఉన్న 1,140 చెవిపూసలకు కరణం ఆ కబురు చెప్పింది కాబోలు, నిమిషం తిరక్కముందే ఆయన చెవిలో మోగింది. ఉలిక్కిపడి చెవి పట్టుకున్నాడు. "ఆఁ... అవును, నేనే. ఏ ఊరమ్మా? ఎన్నో సంవత్సరంలో ఆగినావు?... నిదానంగా చెప్పు, నేను యాడికీ పోను." మాట్లాడుతూనే చెయ్యెత్తి మారెక్కకు వెళ్ళమని సైగ చేశాడు. ఆమె స్టూలు మీదే కూర్చుండిపోయింది. ఒళ్ళో ఉన్న పాఠం కాగితాలు జారి కింద పడ్డాయి, తీసుకోలేదు.

"తిప్పేస్వామీ! లోపల ఏం చేస్తాండావయ్యా? సార్ పిలుస్తాండారు!" ఆర్ట్స్ డీన్ గొంతు. తలుపు అదిరింది.

ఆయన మాట ముగించి, ముఖం తుడుచుకుని, పక్క తెర దగ్గరికి నడిచాడు. అది చూపులేనివాళ్ళకు రాసిపెట్టే మనిషిని ఇచ్చే పేజీ. తెర అంచు పట్టుకుని ఆగాడు.

"ఇంకెన్నుండాయి?"

"ఎనభై నాలుగు సార్."

బయట నలుగురూ కలిసి తలుపు బాదుతున్నారు. నేను గడియ మీద చెయ్యి వేసి, తీయమంటారా అన్నట్టు చూశాను. ఆయన అప్పటికే తెర తీస్తున్నాడు.

"గడియ తియ్యొద్దప్పా" అన్నాడు.